తాలు ఏరే మనిషి

మొన్న కల్లంలో కాయ తిరగేస్తుంటే నా చెయ్యి ఉన్నట్టుండి ఒక మిరపకాయను తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఆ అలవాటు నాది కాదు. నిరుడు మాఘమాసంలో పోయిన మనిషిది. లోపల గింజ గలగలమంది. కాయ బాగా ఎండిందన్నమాట. దాన్ని పట్టా మీద వేసి, చేస్తున్న పని ఆపి, కాసేపు అట్టాగే కూర్చుండిపోయాను.

ఊళ్ళో అందరూ ఆమెను మేస్త్రమ్మ అనేవాళ్ళు. పదిహేను మంది ఆడకూలీలున్న ముఠాకి పెద్ద. మిరప కోత మొదలయిందంటే కారంపూడి చుట్టుపట్ల రైతులు ఆమె కోసం కబురు మీద కబురు పంపేవాళ్ళు. అసలు పేరు నేను రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు. నన్ను వదినా అనేది. మాకు చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు. ముప్పయ్యేళ్ళు మా కల్లానికి వచ్చి వచ్చి వదిననయ్యాను.

మిరపకాయ ఎండినాక కొన్ని ఎరుపు పోయి తెల్లగానో, మచ్చలు పడో ఉంటాయి. వాటిని తాలు అంటాం. మంచికాయలోంచి తాలు ఏరడం ఆమె పని. మోకాళ్ళు పైకి పెట్టి కూర్చుని, ముక్కుకి చెంగు చుట్టుకునేది. కుడిచేత్తో పోగు కలియబెట్టి, తాలు కనపడితే ఎడంచేత్తో వెనక్కి విసిరేది. వెనక ఉన్న గంపను తిరిగి చూసేది కాదు. కాయ గంపలోనే పడేది. అనుమానమున్నదాన్ని మాత్రం చెవి దగ్గర ఊపి, "గింజ పలకట్లా" అని వెనక్కి వేసేది. ఘాటుకి ముఠాలో కొత్తపిల్ల ఎవరన్నా తుమ్మితే, "ఏమే, మిరపకాయ నిన్ను పేరు పెట్టి పిలిచిందా?" అనేది. తను తుమ్మగా నేను చూడలా.

పదకొండు గంటలప్పుడు లేచి, గాలి మా మీదికి రాని వైపు పోయి, మాకు వీపు పెట్టి చుట్ట కాల్చుకునేది. సగం కాల్చి ఆర్పి, మిగిలిన ముక్కను చెవి మీద పెట్టుకుని వచ్చేది. ఆ ఒక్క విషయంలో నాకంటే పొదుపరి.

నాకేమో ఏ వస్తువూ పారేయబుద్ధి కాదు. చిరిగిన గోనెసంచి మూడుసార్లన్నా కుట్టించి వాడతా. అందుకని ఆమె తాలు గంప దగ్గరికి పోయి, అందులోంచి కాస్త ఎరుపున్నవి ఏరి మళ్ళీ మంచి పోగులో వేసేదాన్ని. అదీ మా ఇద్దరికీ తగువు.

"సగం ఎర్రగానే ఉంది గదే, ఇది తాలా?"

"సగం ఎరుపు చూసి నువ్వు మురుస్తున్నావు. మిగతా సగం ఊరుకోదు వదినా."

"చెడితే అదొక్కటే చెడిద్ది. నీకేం నొప్పి?"

"చెడినందుకు కాదు నా బాధ. చెడినాక కూడా పోకుండా కూర్చుంటది చూడూ, అదీ. తను పోదు, పక్కదాన్ని బాగుండనియ్యదు."

ఆమె మాట నేను విన్లా. ఒక ఏడు ముఠా ఇంటికి పోయినాక రెండు గంపల తాలు తీసి మంచికాయలో కలిపేశా. ఆ తర్వాత మూడు రోజులు మబ్బు పట్టి ముసురేసింది. కాయను పోగుచేసి పట్టాలు కప్పాం. నాలుగో రోజు ఎండ వచ్చి పట్టా తీస్తే గుప్పుమని బూజు వాసన. తాలు ఉన్న చోటల్లా చుట్టూ జానెడు మేర కాయలు ఒకదానికొకటి అంటుకుపోయి, తెల్లని నూగు పట్టి ఉన్నాయి. మేస్త్రమ్మ నన్ను తిట్టలా. పోగులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇదుగో వదినా, నీ సగం ఎరుపు" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలా. నేనూ మళ్ళీ తాలు గంప జోలికి పోలా.

ఇక నడక సంగతి. ఊరి నుంచి మా కల్లానికి కాలవ గట్టున నడవాలి. దారి పొడుగునా కరెంటు స్తంభాలు. కల్లం దగ్గరది పదకొండోది. ముఠా వరసగా నడుస్తుంటే ముందు మేస్త్రమ్మ, చివర నేను. ఆమె నడక ఎట్టా ఉండేదంటే, వెనకవాళ్ళు పరుగులాంటి నడక నడవాల్సి వచ్చేది. అట్టాంటి మనిషి ఒక ఏడు ఆరో స్తంభం దగ్గర ఆగింది. సద్దిమూట ఊడిందని విప్పి కట్టుకుంది. మర్నాడూ అక్కడే ఊడింది. తర్వాత అరికాల్లో ముల్లంది. ఇంకోరోజు పక్క చేను చూపించి, "బొబ్బర తెగులు ఎట్టా వచ్చిందో చూడు వదినా" అంటూ నిలబడింది. కాపు అయిపోయేటప్పటికి ఆగేది నాలుగో స్తంభం దగ్గరికి వచ్చింది.

"ఏమే, స్తంభం స్తంభానికీ మొక్కుకుంటున్నావా? నడువు" అని వెనక నుంచి కేకేసేదాన్ని.

"నడుస్తున్నా వదినా. నేను ముందొచ్చా, కాలు వెనక వస్తంది" అనేది. అందరూ నవ్వేవాళ్ళు.

పైయేడు ఒకరోజు గట్టిగా అడిగితే, నడుస్తుంటే పిక్క పట్టేస్తందనీ, ఎవరో తాడేసి బిగించినట్టుంటదనీ, కాసేపు నిలబడితే పోతదనీ చెప్పింది. నేను నమ్మలా. నొప్పంటే కూర్చున్నా ఉంటది, పడుకున్నా ఉంటది. నిలబడగానే పోయే నొప్పిని నేనెక్కడా వినలా. ఆగినాక మళ్ళీ మామూలుగానే నడిచేది గదా. వయసు మీద పడి పని దొంగ అయిందనుకున్నా. ఆ మాట ముఠా అందరి ముందూ అన్నా. మర్నాటి నుంచి ముందు నడవమని ఇంకొకామెకు చెప్పా. మేస్త్రమ్మ వరస చివరకు వచ్చి నా పక్కన నడిచింది. నాలుగో స్తంభం వచ్చేసరికి ఆగింది. నేను ఆగకుండా ముందుకు పోయా.

ఆ ఏడే, కల్లంలో ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, "వదినా, కాలు మంచుగడ్డలా ఉందే" అంది. పట్టుకుని చూస్తే నిజంగానే చల్లగా ఉంది, వేళ్ళు పాలిపోయి ఉన్నాయి. ఇట్టాంటివాటికి మా ఇంట్లో ఆస్పత్రికి పోవడం లేదు. ఇటుక కాపడమే. మా అత్తకి నేను పెట్టా, నాకు మా అమ్మ పెట్టింది. టీ కాచే పొయ్యిలో ఇటుక కాల్చి, గోనెపట్టా రెండు మడతలు వేసి చుట్టి, ఆమె పాదానికి ఆనించా.

"వేడి తగుల్తందా?"

"ఏమీ తెలియట్లా వదినా."

గోనె మందమయిందనుకుని ఒక మడత తీసేశా.

"ఇప్పుడు?"

"ఊఁ. కాస్త కాస్త."

ఆ కాస్త కూడా తెలియలేదనీ, నా తృప్తి కోసం అన్నదనీ తర్వాత తెలిసింది. ఇటుక తీసేసరికి చిటికెన వేలి మొదట్లో నిమ్మకాయంత బొబ్బ లేచి ఉంది. అంత కాలినా ఆ మనిషి కాలు వెనక్కి లాక్కోలేదు. అప్పుడన్నా నాకు అనుమానం రావాలి. రాలా. పసుపు అద్దా, కొబ్బరినూనె రాశా. మూడు వారాలైనా పుండు మానలేదు. అంచులు నల్లబడ్డాయి. వేలు రంగు మారింది. అప్పుడు ఆమెను బస్సెక్కించి నరసరావుపేట తీసుకుపోయా.

అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. మా మనవరాలి ఈడు ఉంటది. ముందు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. తర్వాత అదే పట్టీ చీలమండ మీద చుట్టి చూసింది. మళ్ళీ చేతికి, మళ్ళీ కాలికి. నేనేదో మిషను పాడయిందనుకున్నా. ఆ అమ్మాయి నా వేలు పట్టుకుని నా పాదం మీదే ఒక చోట ఆనించింది. నాడి టకటకమని కొట్టుకుంటంది. డెబ్బయ్యేళ్ళు దాటినాక నా పాదంలో నాడి ఉంటదని అప్పుడు తెలుసుకున్నా. తర్వాత అదే వేలు మేస్త్రమ్మ పాదం మీద పెట్టింది. ఏమీ లేదు. ఎంతసేపు పెట్టి చూసినా ఏమీ లేదు.

"రక్తం సరిగా అందట్లేదు. కాలికొచ్చే రక్తనాళాలు గట్టిపడి మూసుకుపోతున్నాయి. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతోందా?"

మేస్త్రమ్మ నా వంక చూళ్ళా. "ఆఁ" అంది.

"ఎంతకాలం నుంచి?"

"రెండేళ్ళు."

"ఇది కాలిన పుండులా ఉంది. ఏం పెట్టారు?"

"ఇటుక."

"స్పర్శ లేని కాలికి ఇటుకా? ఎవరమ్మా పెట్టింది?"

"నేనే డాక్టరమ్మా. బుద్ధి తక్కువై" అంది మేస్త్రమ్మ.

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నా. ఇప్పుడు రాస్తున్నా. ఆ ఇటుక పెట్టింది నేను.

ఎందుకు గట్టిపడతాయని మేస్త్రమ్మే అడిగింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. నేను చదివింది నాలుగో తరగతి, మేస్త్రమ్మకు అదీ లేదు. ఇద్దరికీ అర్థమయింది. మన ఒళ్ళంతా కంటికి కనపడని కణాలంట. ఒకటి రెండుగా చీలి కొత్తవి పుట్టిస్తుంటాయి. అట్టా చీలగా చీలగా ఒక దశలో ముసలివై చీలడం మానేస్తాయి.

"అట్టాంటివి చాలా వరకు చనిపోతాయి, వాటితో గొడవ లేదు. కొన్ని మాత్రం చావవు. పని చేయవు, ఊరుకోవు కూడా. చుట్టూ మంట పుట్టించే రసాలు వదులుతుంటాయి. దాంతో పక్కనున్న మంచి కణాలు కూడా పాడవుతాయి. నాళం లోపల నునుపు పోయి కొవ్వు పట్టుకుంటుంది. గోడలో సాగే గుణం పోయి సున్నం చేరుతుంది. లేత పొట్లకాయలా ఉండాల్సింది ఎండుపుల్లలా తయారవుతుంది."

మేస్త్రమ్మ కుర్చీ ముందుకు జరిగింది. "అంటే తాలు" అంది.

"తాలా?"

ఆమె చేతులు గాల్లో తిప్పుతూ కల్లం, పోగు, తాలు, బూజు అన్నీ చెప్పింది. నా రెండు గంపల కథ మాత్రం చెప్పలేదు. డాక్టరమ్మ కలం కింద పెట్టి వింది.

"సరిగ్గా అదే" అంది.

"మరి మా లాగా ఏరేవాళ్ళు ఉండరా లోపల?"

"ఉంటారు. రక్తంలో కాపలా కణాలుంటాయి, చెడినవాటిని వెతికి తీసేస్తుంటాయి. వయసు పెరిగేకొద్దీ చెడినవి ఎక్కువవుతాయి. ఏరేవాటికేమో ఓపిక తగ్గుతుంది."

మేస్త్రమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కాలు అట్టా ఉన్న మనిషి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మా ముఠాయే గదమ్మా! పడుచువాళ్ళు ఒక్కరూ రావట్లా. మిగిలిందంతా మాలాంటి ముసలాళ్ళమే. చూపానదు, చెయ్యాడదు. తాలు మాత్రం ఏటికేడు పెరుగుతంది."

చుట్ట సంగతి కూడా అడిగి, అది కణాలకు ముందే ముసలితనం తెస్తదని చెప్పింది డాక్టరమ్మ. వయసు ఒక్కటే కారణం కాదంట. చుట్టా, బీపీ, సుగరూ అన్నీ దానికి తోడంట. మేస్త్రమ్మ చెవి మీదున్న ముక్కను తీసి చూసుకుని మళ్ళీ చెవి మీదే పెట్టుకుంది. చచ్చేదాకా అది అక్కడే ఉంది. మళ్ళీ వెలిగించలా.

"ఆ తాలు కణాలను ఏరే మందు లేదా?" అన్నాను నేను. ఆ గదిలో నేను మాట్లాడింది అదొక్కటే.

"వెతుకుతున్నారమ్మా. ఇంకా మన దాకా రాలేదు. ముందు ఈ పాదాన్ని కాపాడుకోవాలి. ఇవాళే గుంటూరు వెళ్ళండి."

గుంటూరులో తొడ దగ్గర నుంచి సన్నని తీగె పంపి, లోపల బుడగ ఊదించి దారి వెడల్పు చేశారు. పాదం దక్కింది. చిటికెన వేలు దక్కలేదు. కట్టు విప్పిన రోజు నేను మంచం పక్కన నిలబడలేకపోయా. ఆమె పాదం అటూ ఇటూ తిప్పి చూసుకుని, "తాలు వదినా, ఏరేశారు" అంది.

ఆస్పత్రిలో తోడున్న వాళ్ళబ్బాయి కాంటీనుకు పోయినప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకున్నా. "వాడికి చెప్పేస్తానే. ఇటుక నేను పెట్టానని చెప్పేస్తా."

చెయ్యి విదిలించుకుంది. "చెప్పు. చెప్తే నీ కల్లంలో అడుగు పెట్టనిస్తాడా నన్ను? ఇంట్లో గోడ చూస్తా కూర్చోమంటాడు. నీ బరువు దించుకోడానికి నా పని పోగొట్టొద్దు. నోరు మూసుకో."

మూసుకున్నా. ఆమె మాట విన్నానని కొంత, నాకు భయమై కొంత. ఏది ఎంతో నేను చెప్పలేను.

పుండు ఆరినాక డాక్టరమ్మ నడవమంది. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గినాక మళ్ళీ నడవాలి. రోజూ అట్టా నడిస్తే పక్కనున్న సన్న నాళాలు కాస్త దారి ఇస్తాయంట. నేను ఏ ఆగడాన్ని రెండేళ్ళు తిట్టానో అదే వైద్యమంట. ఆ మాట విని బయటికొచ్చినాక మేస్త్రమ్మ, "విన్నావా వదినా, డాక్టరమ్మ కూడా నన్ను పని దొంగను చేసింది" అంది. అంతకంటే దెప్పలా.

పొద్దున్నే కాలవ గట్టున ఇద్దరం నడిచేవాళ్ళం. మొదట రెండు స్తంభాలు. ఆమె ఆగితే నేనూ ఆగేదాన్ని. ఊరికే నిలబడటం నాకు చేతకాని పని. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆమె మాత్రం చేలు చూస్తా, ఏ చేను ఎవరు పాడుచేస్తున్నారో చెప్తా హాయిగా నిలబడేది. కొన్ని నెలలకు ఐదో స్తంభం దాకా వచ్చాం. ఆ పైయేడు ఎనిమిది. మళ్ళీ కల్లంలో కూర్చుని తాలు ఏరింది. ముఠాకి ముందు నడవమన్నా. "నువ్వు నడువు, నేను వెనక నుంచి కేకేస్తా" అంది.

ఒకసారి అట్టా ఆగినప్పుడు అన్నాను: "మనమూ తాలే గదే. పని చెయ్యం, పోము."

ఆమెకు కోపం వచ్చింది. "ముసలైతే తాలా? తాలు పక్కదాన్ని చెడగొట్టిద్ది. మనం ఎవర్ని చెడగొట్టాం?"

ఆమె నా మొహం చూసింది. "ఇదుగో, మళ్ళీ ఇటుక తలుచుకున్నావంటే కాలవలో తోస్తా" అంది.

కాలిలో నాళాలు గట్టిపడినట్టే గుండెలోనూ గట్టిపడి ఉంటాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. మందులు వేసుకుంటానే ఉంది. నిరుడు మాఘమాసంలో ఒక పొద్దున, ఇంటి అరుగు మీద, టీ గ్లాసు చేతిలో ఉండగానే పోయింది. గ్లాసు కింద పడలేదంట. పట్టుకునే ఉందంట.

శ్మశానానికి దారి ఆ కాలవ గట్టే. పాడెను దారిలో ఒకసారి దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలవడం ఆనవాయితీ. ప్రాణం ఎక్కడన్నా మిగిలుంటే పలుకుతారేమోనని. మా వైపు ఆడవాళ్ళం అక్కడి దాకే పోతాం. మోసేవాళ్ళకు మా నడక సంగతులేమీ తెలియవు, బరువుకి ఎక్కడ వీలుంటే అక్కడ దించారు. నేను తలెత్తి చూశా. నాలుగో స్తంభం.

వాళ్ళబ్బాయి మూడుసార్లు పిలిచాడు. "అత్తా, నువ్వూ ఒకసారి పిలువు" అన్నాడు.

వంగాను. ఆ చెవి దగ్గర ఇటుక మాట చెప్పుకుందామనుకున్నా. చెప్పినా, నోరు మూసుకోమనే అంటది. ఆమె చెవి మీద చుట్టముక్క అట్టాగే ఉంది, ఎవరూ తీయలా. పిలవడానికి నాకు తెలిసిన మాట ఒకటే, అదే చోట వందసార్లు కేకేసిన మాట: నడువు. అది నా నోట రాలా. ఊరికే ఆమె పక్కన నిలబడ్డా.

పొద్దెక్కుతందని మోసేవాళ్ళు పాడె కిందికి చేతులు పెట్టారు.

"ఆగండిరా," అన్నాను. "ఆమె ఇక్కడ కాసేపు ఆగిద్ది."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని చేతులు తీసేశారు.